దొర పడుకున్న పరుపు

ఆ వీధిలో పరుపు మంచిదా కాదా అన్నది తేల్చేది మనుషులు కాదు, ఒక కుక్క. నమ్మనివాళ్ళు నమ్మకపోతే పోనీ, వాళ్ళకూ ఏదో ఒకనాడు నడుం నొప్పి రాకపోదు.

పరుపులు కుట్టే ఆయన్ని అందరూ మెత్తాయన అనేవారు. మనిషి మాత్రం ఎండిన కట్టెపుల్ల. గాలికి దూదితో పాటు తనూ ఎగిరిపోకుండా జేబులో కత్తెర వేసుకుంటాడని పెళ్ళాం వేళాకోళం చేసేది. ఆయన కుక్క గోధుమరంగుది. ఒక చెవి నిలబడి, ఇంకో చెవి వాలిపోయి, ఎప్పుడూ సగం మాటే విన్నట్టు ఉండేది. పుట్టింది మొదలు పరుపుల మీదే పడక కాబట్టి దానికి దొర అన్న పేరు స్థిరపడిపోయింది.

కుట్టడం పూర్తయిన పరుపును మెత్తాయన గది మధ్యలో పరిచేవాడు. దొర నెమ్మదిగా వచ్చి చుట్టూ తిరిగేది, మూలమూలా వాసన చూసేది, ముందుకాలితో ఒకసారి నొక్కి ఆలోచించేది. నచ్చితే ఎక్కి, ముక్కు తోకలో దూర్చుకుని, ఇల్లు కూలినా లేవనంత నిద్రపోయేది. దాని పొట్ట మీదికి పిల్లి ఎక్కి పడుకునేది. ఆ పిల్లి పేరు దొరసాని. నచ్చకపోతే మాత్రం దొర పరుపుకు వీపు పెట్టి గుమ్మంలో కూర్చునేది. అది అలా కూర్చుందంటే మెత్తాయన మారుమాట లేకుండా కుట్లు విప్పేసి మళ్ళీ మొదలుపెట్టేవాడు.

ఆ పరుపుల గురించి ఊళ్ళో చాలా చెప్పుకునేవారు. రైలు నడిపే ఆయనొకడు దొర పడుకున్న పరుపు కొనుక్కుపోయాడట. మర్నాడు రైలు కదల్లేదట. స్టేషన్లో జనం విసిగి వేసారి ఆయన్ని లేపడానికి ఇంటికే వెళ్ళారట. లేపడానికి వెళ్ళినవాళ్ళలో కొందరు పరుపు అంచున అలా కూర్చుని, అక్కడే ఒరిగిపోయారట. ఇందులో ఎంత నిజముందో గానీ, రైలు ఆలస్యం మాత్రం నిజం.

ఇంత పేరు వచ్చాక మెత్తాయన తన పరుపు మీద తను నడుం వాల్చడం మానేశాడు. దూది నుసికి ఆయన ముక్కు ఎప్పుడో మొద్దుబారింది. దూది ఏకే విల్లు లాగి లాగి అరచేతులు కాయలు కాచి, పట్టుకూ గోనెకూ తేడా చెప్పలేని స్థితికి వచ్చాయి. చెప్పాల్సిన అవసరమూ పడలేదు, కుక్క ఉండగా.

ఆ వారం చేతిలో ఉన్నది పెద్ద ఆర్డరు. కొత్తగా తెరవబోతున్న పిల్లల హాస్టలుకు పరుపులు. వార్డెనమ్మ స్వయంగా వచ్చి, గుమ్మంలో చెప్పులు విడిచి, గదంతా కలియజూసి చెప్పింది.

"మా ఇంట్లో ఉన్నది దొర పడుకున్న పరుపే. పిల్లలకూ అలాంటివే కావాలి. శనివారం వస్తాను, నా కళ్ళముందు పడుకోవాలి అది."

"పడుకుంటుందమ్మా. దానికి వేరే పనేముంది?"

ఆవిడ వెళ్ళబోతూ ఆగింది. "ఒక చిన్నపిల్ల చేరుతోందండీ మా దగ్గర. దానికి ఆయాసం. దుమ్ము పడదు. పడుకుంటే ఊపిరాడదని గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోతుందట. అది పడుకుని నిద్రపోతే చూడాలని ఉంది నాకు." అంత మాత్రం చెప్పి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ మాట మెత్తాయన చెవిలో చాలాసేపు తిరిగింది. కూర్చుని నిద్రపోయే పిల్ల.

పని జోరుగా సాగింది. దూది తెచ్చే బాధ్యత మొదటినుంచీ బామ్మర్దిది. "ఇంత దూది నువ్వెక్కడ ఏకుతావు బావా, నీ విల్లు విరుగుతుంది, లేదా నువ్వు విరుగుతావు" అని, ఈసారి మిల్లులోనే ఏకించి మూటలు కట్టించి తెచ్చాడు. తెల్లని మూటలు. నింపడం కూడా వెనక గదిలో తనే చేశాడు. మెత్తాయనకు మిగిలింది కుట్టడం. దబ్బనంలో పురికొస ఎక్కించుకుని, పరుపు మీదికి వంగి, గుచ్చి, లాగి, ముడివేసి, మళ్ళీ గుచ్చి, ఆయన రోజంతా ఆ లయలోనే ఊగుతూ ఉండేవాడు. కిటికీలోంచి పడే ఎండలో దూది పోగులు చేపపిల్లల్లా ఈదేవి.

మొదటి పరుపు పరిచిన రోజే చిక్కొచ్చిపడింది. దొర వచ్చింది, తిరిగింది, ఎక్కింది, ముక్కు తోకలో దూర్చుకుంది. అంతలోనే లేచి వెనకకాలితో చెవి కింద టకటకా గోక్కుంది. మళ్ళీ పడుకుంది, మళ్ళీ లేచింది. పాదాలు నాక్కుంది, పొట్ట కొరుక్కుంది. చివరికి దిగిపోయి గోడకు ఒళ్ళు రుద్దుకుంటూ నిలబడింది. రెండో పరుపు మీదా అదే తంతు. పరుపును కాదన్నట్టు గుమ్మంలో కూర్చుని ఉంటే మెత్తాయన కుట్లు విప్పేవాడే. కానీ అది గుమ్మంలో కూర్చోలేదు. గోక్కుంటోంది. అది వేరే సంగతి అనుకున్నాడు.

"ఏమైందే దీనికి?" అన్నాడు పెళ్ళాంతో.

"వయసు మీదపడింది. నువ్వు మాత్రం గోక్కోవూ, తలుపు చెక్కకి వీపు పెట్టి?"

"నేను కుట్టేవాణ్ణే. పడుకునేది అది."

"బావా, దొరగారికి నిద్ర పట్టట్లేదంటే రాజ్యం చింత అయ్యుంటుంది" అన్నాడు బామ్మర్ది నవ్వుతూ. నవ్వాడు గానీ, శనివారం సంగతి గుర్తొచ్చి ఆస్పత్రికి బండి కట్టించిందీ వాడే.

పశువుల ఆస్పత్రిలో డాక్టరమ్మ చిన్నది. చేతులు మాత్రం పెద్ద పనిమంతురాలివి. ముందు బరువు చూడాలంది. దొర తూకం యంత్రం మీద నిలబడనంది. నిలబడకపోగా దాన్నీ వాసన చూసి, ముందుకాలితో నొక్కి, గట్టిగా ఉందని మొహం తిప్పుకుంది. ఇక లాభం లేదని మెత్తాయన ఒక్కడూ ఎక్కాడు, తర్వాత కుక్కని ఎత్తుకుని ఎక్కాడు, డాక్టరమ్మ తీసివేత వేసుకుంది.

"కుక్క బరువు సరిగ్గానే ఉంది. తక్కువున్నది మీరు" అంది.

ఆవిడ తెల్లకాగితం పరిచి, దాని మీద దొర వీపు దువ్వింది. కాగితం మీద వెంట్రుకలు తప్ప ఏమీ రాలలేదు. "గోమార్లు లేవు, పేలు లేవు." కాలివేళ్ళ మధ్య విడదీసి చూసింది, నాకి నాకి ఎర్రబడి ఉంది. పొట్ట మీద వెంట్రుకలు తొలగించి చూసింది, అక్కడా అంతే. "ఏదో పడట్లేదు దీని ఒంటికి. అలర్జీ."

"ఏం పడట్లేదమ్మా?"

"అదే తేలాలి. కొన్నిటికి తిండి పడదు, కొన్నిటికి గడ్డి, కొన్నిటికి దుమ్ము. పాత దూదిలో, పాత పరుపుల్లో కంటికి కనపడని పురుగులుంటాయి. అవి పడని కుక్కలు బోలెడు."

"మా దగ్గర పాతదనేదే ఉండదమ్మా" అన్నాడు మెత్తాయన ఛాతీ ఉన్నంతవరకూ విరిచి.

దొర వెనకకాళ్ళు పట్టుకుని ఉన్న బామ్మర్ది, అప్పుడే గోడ మీది ఆవు పొట్ట బొమ్మను మహా శ్రద్ధగా చూడడం మొదలుపెట్టాడు.

ఇంతలో మెత్తాయన పెళ్ళాం సంచిలోంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టింది. "ఇది మా జలుబు మందమ్మా. నాకు తుమ్ములూ దురదలూ వస్తే ఒక్క చెంచా తాగితే చాలు, ఒళ్ళు తెలీదు. ఊరికే మాత్రలెందుకు, దీనికీ ఇదే పోసేద్దామని. పిల్లికో చుక్క వేద్దామని. మా ఇంట్లో ఒకరికిచ్చి ఒకరికివ్వకపోవడం లేదు."

డాక్టరమ్మ సీసా మీది చిన్న అక్షరాలు చదివి, మూత గట్టిగా బిగించి, తన సొరుగులో పెట్టేసుకుంది.

"అమ్మా, ఇందులో దురద మందొకటే లేదు. ముక్కుదిబ్బడకి ఒకటుంది, అది కుక్క గుండెని పరుగెత్తిస్తుంది. జ్వరానికి ఇంకొకటుంది, అది పిల్లి కడుపులో పడితే పిల్లి దక్కదు. మన మందులు మనకే. దీనికి దీని బరువుకి తగ్గ మాత్రే వెయ్యాలి, పిల్లికి పంచిపెట్టకూడదు. పిల్లికి జబ్బు చేస్తే పిల్లిని తీసుకురండి."

పెళ్ళాం మొహం చిన్నబోయింది. తిరుగుదారి పొడుగునా ఆవిడ చెయ్యి ఒళ్ళో ఉన్న ఖాళీ సంచిని నిమురుతూనే ఉంది, లోపల పిల్లి ఉన్నట్టు.

బయల్దేరేముందు డాక్టరమ్మ మాత్రలు పొట్లం కట్టి చెప్పింది. "అన్ని కుక్కలకీ ఈ మాత్ర పనిచేస్తుందని లేదు, దీనికి పనిచేస్తే అదృష్టం. మత్తుగా ఉంటుంది, బాగా నిద్రపోతుంది. ఒక్కోటి తిరగబడి గంతులేస్తుంది, అలాగైతే ఆపేసి తీసుకురండి. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఇది దురద మీద దుప్పటి కప్పుతుంది, అంతే. ఏది పడట్లేదో పరీక్ష చెయ్యాలంటే ముందు మాత్రలు కొన్నాళ్ళు ఆపాలి. మాత్ర మింగిన ఒళ్ళు నిజం చెప్పదు."

మాత్ర పనిచేసింది. పనిచెయ్యడమంటే అలా ఇలా కాదు.

రొట్టెముక్కలో పెట్టి ఇచ్చిన కాసేపటికి దొర కళ్ళు వాలాయి. నిలబడ్డ చెవి కూడా వాలింది. అది పరుపు ఎక్కి, ఒక్కసారి నిట్టూర్చి, నీళ్ళలో రాయి మునిగినట్టు నిద్రలో మునిగిపోయింది. గోకుడు లేదు, కొరుకుడు లేదు. కాళ్ళు మాత్రం కలలో ఏదో పొలం గట్టున పరుగెత్తుతున్నట్టు మెల్లగా కదిలేవి. ఇంట్లో ఆ టకటక చప్పుడు ఆగిపోయేసరికి, గడియారం ఆగినట్టు అందరూ ఒకసారి తలెత్తి చూశారు.

ఆ నిద్ర అంటువ్యాధిలా పాకింది. దబ్బనం గుచ్చబోయిన మెత్తాయన చెయ్యి గాలిలోనే ఆగి, గడ్డం గుండెల మీదికి దిగేది. తలుపు పక్కన పీటమీద పెళ్ళాం, ఒళ్ళో పరుపు గుడ్డతో, తల ఊపుతూ ఎవరితోనో ఔను ఔను అంటున్నట్టు ఉండేది. సంగతేమిటో చూద్దామని వచ్చిన పక్క దుకాణం సైకిళ్ళ మేస్త్రీ గుమ్మానికి ఆనుకుని ఆవులించి, తన పంక్చరు సంగతి మరిచిపోయేవాడు. ఎండలో దూది పోగులు కూడా ఈదడం మాని, ఉన్నచోటే వేలాడుతున్నట్టు ఉండేవి. వీధి మొత్తానికి ఎవరో మెత్తటి గుడ్డ కప్పి, అంచులు దోపినట్టు.

పరిచిన ప్రతి పరుపూ దొర ఎక్కింది, ప్రతి పరుపు మీదా పడుకుంది. బామ్మర్ది సంతోషానికి హద్దు లేదు. "చూశావా బావా! అంతకుముందు దానికి ఒంట్లో బాగోలేదు గానీ, సరుకు బంగారం!"

మెత్తాయనకూ సంతోషంగానే ఉంది. దొరసాని మాత్రం ఎందుకో దొర పొట్ట మీదికి రావడం లేదు. కిటికీ గూట్లో కూర్చుని పరుపు వైపు చూస్తోంది. పిల్లులకు అలకలెక్కువ అని సరిపెట్టుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం పురికొస కొనడానికి బయటికి వచ్చాడు. ఎదురుగా ఎవరో ఇల్లు కట్టుకోవడానికి కంకర తోలించారు. పొద్దు వాలుతున్న వెలుగులో ఆ కంకర కుప్ప మీద, కొన మీదే, దొర పడుకుని ఉంది. ముక్కు తోకలో దూర్చుకుని, పెదవి పక్కకు వాలి, చిరునవ్వులాంటిది మొహం మీద పెట్టుకుని. పరుపు మీద పడుకున్నప్పుడు ఎలా ఉందో సరిగ్గా అలాగే. పొట్ట కింద కంకర రాయి ఒకటి పొడుచుకుని ఉంది. దానికి పట్టింపు లేదు.

మెత్తాయన పురికొస మాటే మరిచిపోయాడు. కుప్ప పక్కన గొంతుక్కూర్చుని, కాయలు కాచిన చేత్తో కుక్క తల నిమురుతూ ఉండిపోయాడు. "ఇది కూడా మంచి పరుపేనంటావా, దొరా?" అన్నాడు. దొర నిద్రలో తోక ఒకసారి కదిపింది. అవునంది.

ఆ సాయంత్రం దీపం పెట్టగానే పెళ్ళాంతో చెప్పాడు. "రేపు దానికి మాత్ర వెయ్యకు."

"అదేమిటయ్యా? గోక్కుంటూ లేస్తే ఆవిడ ఏమనుకుంటుంది? ఇంత కష్టపడి కుట్టి..."

"ఏమనుకుంటే అదే అనుకోనీ. అది లేస్తే ఎందుకు లేస్తోందో చూడాలి. కంకర మీద కూడా పడుకునే కుక్కని చూపించి పిల్లలకి పరుపులు అంటగడతానా?"

ఆవిడ మాత్రల పొట్లం తీసి డబ్బాలో పెట్టి, డబ్బా అటకమీది గంప వెనక్కి తోసింది. బామ్మర్ది అన్నం తింటున్నవాడల్లా తలెత్తి అటక వైపు చూశాడు, మళ్ళీ కంచం వైపు చూసుకున్నాడు.

శనివారం పొద్దున వార్డెనమ్మ చెప్పిన వేళకే వచ్చింది. గది మధ్యలో పరుపు పరిచి ఉంది. కొత్త గుడ్డ, సరిసమానమైన కుట్లు, అంచులు గీత గీసినట్టు. చూడడానికి అంత అందమైన పరుపు ఈమధ్య మెత్తాయన చేతిలోంచి రాలేదు.

"ఏదీ, దొరగారు?"

వెనక గదిలోంచి బామ్మర్ది దొరను మెడ పట్టుకుని నడిపించుకొచ్చాడు. దొర తూలుతూ వచ్చింది, వాసన చూడలేదు, చుట్టూ తిరగలేదు, ముందుకాలితో నొక్కలేదు. తిన్నగా ఎక్కి పడిపోయింది. బామ్మర్ది చేతికి రొట్టెపొడి అంటుకుని ఉంది. వాడు దాన్ని చొక్కాకు తుడుచుకున్నాడు.

"ఆహా, చూడండి ఎంత హాయిగా పడుకుందో!" అంది వార్డెనమ్మ. ఆవిడ మొహం చూస్తే, ఆ కూర్చుని నిద్రపోయే పిల్ల అప్పుడే పడుకుని నిద్రపోయినట్టే ఉంది. "ఇక నాకే దిగులూ లేదు. బండి చెప్పేదా?"

మెత్తాయన పెళ్ళాం అటక వైపు చూసింది. గంప పక్కకు జరిగి ఉంది. తమ్ముడి వైపు చూసింది. వాడు తోడబుట్టినవాడు మరి, చూపు దించుకుంది.

అప్పుడు దొరసాని కిటికీ గూట్లోంచి దిగింది. దాన్నెవరూ పిలవలేదు, దానికెవరూ మాత్ర వెయ్యలేదు. మెల్లగా పరుపు అంచుదాకా వచ్చి ముక్కు ఆనించింది. తల విదిలించి తుమ్మింది. మళ్ళీ తుమ్మింది. పంజా ఎత్తి గాలిలో ఝాడించి, తోక నిలబెట్టి, వచ్చిన దారినే వెళ్ళి గూట్లో కూర్చుంది.

"ఒక్క నిమిషం ఆగండమ్మా" అన్నాడు మెత్తాయన.

జేబులోంచి కత్తెర తీసి కింద పెట్టాడు. పరుపు మీద ఎక్కి, కుక్క పక్కన, నడుం వాల్చాడు.

"ఏంటి బావా ఇది, పెద్దవాళ్ళ ముందు..."

"నోరుమూసుకోరా, పనిలో ఉన్నాను."

ఎన్నేళ్ళయిందో అలా పడుకుని! పైకప్పు ఎంత ఎత్తున ఉందో ఆయన మరిచేపోయాడు. దూది పోగులు కింది నుంచి చూస్తే రాలుతున్నట్టు కాక పైకి పోతున్నట్టు ఉన్నాయి. పక్కన దొర ఊపిరి వెచ్చగా మోచేతికి తగులుతోంది. కళ్ళు మూసుకున్నాడు. చేతులు మొద్దుబారితే బారాయి గానీ, వీపుకు కాయలు కాయలేదు. వీపు అన్నీ చెప్పింది. ఇక్కడ ఒక గడ్డ, అక్కడ ఒక గుంట, భుజం కింద తడిసి ఆరిన దూది ముద్ద. కళ్ళ ముందు వరసగా పరుపులు కనిపించాయి, వాటి మీద వరసగా పిల్లలు, అందరూ గోడలకు ఆనుకుని కూర్చుని నిద్రపోతూ. మెడ మీద సన్నగా మొదలైంది. చీమ పాకినట్టు. తర్వాత మోచేతుల దగ్గర. ఎప్పుడో మొద్దుబారిన ముక్కు ఉన్నట్టుండి తెరుచుకుని, ఎవరిదో ఏనాటిదో మగ్గిన వాసన లోపలికి పోయింది. మెత్తాయన ఇల్లంతా అదిరేట్టు తుమ్మాడు.

దొర కదల్లేదు.

ఆయన లేచి కూర్చుని మెడ గోక్కున్నాడు. "అమ్మా, ఈ కుక్క మత్తులో ఉంది. దీనికి దురద మాత్ర వేశారు. నాకెవరూ వెయ్యలేదు. ఈ పరుపు బాగాలేదు."

కత్తెర అందుకుని తను కుట్టిన కుట్టునే తెంచాడు. పైన అరంగుళం తెల్ల దూది. దాని కింద బూడిదరంగు. చెయ్యి పెట్టి లాగితే ముద్దలు ముద్దలుగా వచ్చింది. నుసి లేచి ఎండలోకి ఎగిరింది.

"ఇదెక్కడిదిరా?"

బామ్మర్ది గోడ మీద ఆవు బొమ్మ కోసం వెతికాడు. అక్కడ లేదు. "మూసేసిన లాడ్జి పరుపులది బావా. మళ్ళీ ఏకిస్తే కొత్తదానిలాగే ఉంది... కొత్త దూది దొరకలేదు, శనివారం దగ్గరపడింది... పిల్లలే కదా, పడుకుంటే నిద్రపోతారు అనుకున్నా."

వార్డెనమ్మ వంగి ఆ బూడిదరంగు ముద్దను వేళ్ళ మధ్య నలిపి చూసింది. కొంగుతో వేళ్ళు తుడుచుకుంది. తర్వాత దొర పక్కన కింద కూర్చుని, దాని వాలిన చెవి ఎత్తి చూసి, "దీన్నేం అనకండి" అంది.

"దాన్నెందుకంటానమ్మా. అది మొదటిరోజే చెప్పింది. నాకే అర్థం కాలేదు. గుమ్మంలో కూర్చుంటేనే కాదన్నట్టు అనుకున్నాను." మెత్తాయన ఇంకో కుట్టు తెంచాడు. "బండి చెప్పకండి. అన్నీ విప్పేస్తాను."

"పిల్లలు సోమవారం వచ్చేస్తారు."

"తెలుసమ్మా."

ఆవిడ లేచి చెప్పుల దగ్గరికి వెళ్ళింది. వెళ్ళిపోతుందనే అందరూ అనుకున్నారు. ఒక చెప్పు వేసుకుని ఆగింది. "అన్నీ అయ్యేదాకా చాపల మీద పడుకుంటారు, చాపకి దుమ్ముంటే దులపొచ్చు. ముందు ఒక్కటి చేసివ్వండి, ఆ చిన్నదానికి. ఈసారి కుక్కని చూడడానికి రాను. మీరు పడుకుంటే కబురు పెట్టండి."

ఆ మధ్యాహ్నమే వాకిట్లో పరుపులన్నీ పొట్టలు తెరుచుకుని పడ్డాయి. పాత దూదిని మూటలు కట్టి మొయ్యడం బామ్మర్ది పని. మూతికి గుడ్డ కట్టుకున్నా తుమ్ములు ఆగలేదు. కళ్ళు ఎర్రబడి, ముక్కు కారుతూ, మోచేతులు గోక్కుంటూ తిరుగుతుంటే అక్క గుమ్మంలో నిలబడి చూసింది.

"ఒరే తమ్ముడూ, రొట్టెముక్కలో పెట్టి నీకూ ఒక మాత్ర వెయ్యనా?"

"పరాచికాలాడకే అక్కా..."

"దానికి చెప్పడానికి నోరు లేదు. నీకుంది. ఉండీ ఏం చేశావ్?" అని లోపలికి పోయి, కాసేపటికి వాడికి ముక్కు తుడుచుకోవడానికి మెత్తటి పాత గుడ్డ ఒకటి తెచ్చిచ్చింది.

గింజ తీసిన కొత్త దూదికి మెత్తాయన తనే వెళ్ళాడు. అటక మీంచి విల్లు దింపి, నరం బిగించి, తనే ఏకాడు. ఆ ధుంధుం మోత వీధికి మళ్ళీ వినపడేసరికి సైకిళ్ళ మేస్త్రీ చేస్తున్న పని ఆపి, తెలిసిన మనిషి పలకరించినట్టు తలూపాడు. ముందు ఆ చిన్నదాని పరుపు కుట్టి, తను పడుకుని చూశాకే మెత్తాయన వార్డెనమ్మకు కబురు పెట్టాడు.

మాత్రలు ఆపాక దొర ఇంకొన్నాళ్ళు గోక్కుంది. పాత దూది ఇల్లు దాటి, గదులు నీళ్ళతో కడిగాక ఆ గోకుడు తగ్గుతూ వచ్చింది. పూర్తిగా పోలేదు. డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాల్సిన పని ఇంకా ఉంది. దాని నిలబడే చెవి మళ్ళీ నిలబడింది.

ఇప్పుడు ఆ వీధికి పరుపు కోసం కొత్తగా వెళ్ళినవాళ్ళకు ఒక వింత కనిపిస్తుంది. గది మధ్యలో పరుపు. దాని మీద మెత్తాయన, నోరు కొద్దిగా తెరుచుకుని, కళ్ళు మూసుకుని. పక్కన నేల మీద కుక్క, కళ్ళు బాగా తెరుచుకుని, ఆయన మొహంలోకే చూస్తూ. కుక్క వీపు మీద పిల్లి. ముగ్గురి మీదా దూది పోగులు నెమ్మదిగా దిగుతూ, దిగకుండా ఉంటూ.

వచ్చినవాళ్ళు దగ్గితే, తలుపు పక్క పీటమీద ఉన్న పెళ్ళాం పెదవుల మీద వేలు పెట్టుకుంటుంది.

"కాసేపు కూర్చోండమ్మా. పనిలో ఉన్నాడు."